మాధుకరము, వారము, మగ్గము: నగరి ప్రాంత విద్యార్థుల జీవికను గూర్చి

మన విద్యాచరిత్రకారులు గురువులను గూర్చి వ్రాసిరి. పాఠ్యగ్రంథములను గూర్చి వ్రాసిరి. పాఠశాలలకు భూములిచ్చిన రాజులను గూర్చి మిక్కిలి శ్రద్ధతో వ్రాసిరి. కాని చదువుకొను బాలుడు ఆ పూట ఎవరి యింట భుజించెను, ఆ భోజనమునకు బదులుగా ఏమి చేసెను, చదువునకును పొట్టకూటికిని నడుమ తన దినమును ఎట్లు పంచుకొనెను అను విషయమును తడవినవారు అరుదు. విద్యార్థి సంపాదనపరుడు కారాదనుట మన ప్రాచీన సంప్రదాయమనియు, పని చేయుచు చదువుకొనుట ఆంగ్లవిద్యతోడను పట్టణజీవితముతోడను వచ్చిన క్రొత్త యవస్థయనియు ఒక యభిప్రాయము వ్యాప్తిలో నున్నది. ఇది సగమే నిజమని నా తలంపు. కొందఱు విద్యార్థులు మాత్రమే ఏ కాలమునందైనను పని నుండి విముక్తులైరి. ఆ విముక్తికి శాసనములు సాక్ష్యమిచ్చుచున్నవి. పని నుండి విముక్తులు కాని వారిని గూర్చి సాక్ష్యము లేకపోలేదు గాని, దానిని మనము విద్యాచరిత్రలో వెదకక, నేతపనివాండ్ర చరిత్రలోను, రెవెన్యూ రికార్డులలోను వెదకవలసియున్నది.

ఈ పరిశీలనకు నగరి ప్రాంతము తగిన క్షేత్రము. చిత్తూరు సీమలో, తమిళనాటి పొలిమేరను, కుశస్థలీ నదీ పరిసరమున నున్న పట్టణమిది. దీని కొండ శిఖరము ముక్కు ఆకారమున నుండుటచే సముద్రమున పోవు నావికులకు సైతము గుఱుతుగా నుండెడిది. పూర్వము కార్వేటినగర సంస్థానములోనిది. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడువఱకు ఉత్తరార్కాటు జిల్లాలోనిది. నగరి, ఏకాంబరకుప్పము, పుత్తూరు, నారాయణవనము అను నూళ్ళు నేతకు ప్రసిద్ధములు. ఇచ్చటినుండి తిరుపతి విద్యాకేంద్రము రైలుదారిన కొలది దూరముననే యున్నది. ఒకవైపు దేవాలయమును, విద్యాపీఠమును, మరియొకవైపు మగ్గము. ఈ రెంటి నడుమ పెరిగిన బాలుర చరిత్రయే ఈ వ్యాసమునకు విషయము.

ముందుగా ధర్మశాస్త్రము. బ్రహ్మచారికి భిక్షావృత్తి విధింపబడినదన్నది అందఱెఱిగినదే. తుమ్మెద పూవు పూవునను కొంచెము కొంచెము తేనె గైకొనునట్లు ఇంటింట ముద్ద ముద్దగా గైకొనుట మాధుకరము. ఇందు ఏ గృహస్థునకును భారము లేదు, విద్యార్థికిని ఒక్కరి యొద్ద తలవంచవలసిన పని లేదు. కాని ఈ ధర్మశాస్త్రములే మరియొక విద్యార్థిని గూడ నెఱుగును. నారదస్మృతి శుశ్రూష చేయువారిని ఐదు తెఱగులుగా విభజించినది: శిష్యుడు, అంతేవాసి, భృతకుడు, అధికర్మకృత్తు, దాసుడు. మొదటి నలుగురును కర్మకరులు. అనగా పనివారి పట్టికలో మొదటి పేరు శిష్యునిది! ఇచ్చట అంతేవాసి యనగా శిల్పమును నేర్చుకొనువాడు. వాడు ఇంతకాలమని యేర్పరచుకొని ఆచార్యుని యింట వసింపవలెను. ఆచార్యుడు తన యింటనే భోజనము పెట్టి పుత్రునివలె చూచుకొనవలెను, వానిచే వేఱుపనులు చేయింపరాదు. ఆ కాలమున వాడు చేసిన పనివలన వచ్చు ఫలము ఆచార్యునిదే. శిల్పము ముందుగనే వచ్చినను గడువు తీరువఱకు వాడు కదలరాదని యాజ్ఞవల్క్యుడును చెప్పినాడు.

ఈ రెండు విధములను ప్రక్కప్రక్కన నుంచి చూచిన భేదము స్పష్టము. వేదవిద్యార్థికి ఊరు కూడు పెట్టును, వానియొద్ద ఏమియు తిరిగి పుచ్చుకొనదు. శిల్పవిద్యార్థికి గురువు కూడు పెట్టును, దాని మూల్యమును వాని చేతిపనినుండి రాబట్టుకొనును. నేతగాని కుమారుడు తండ్రియొద్దనే నేర్చుకొనుటచే అక్కడ ఒడంబడిక కూడ ఉండదు. ఆ తండ్రియే ఆచార్యుడు, యజమానియు.

శాసనములన్నియు మొదటి తెగ విద్యార్థికి సంబంధించినవే. రాజేంద్రచోళుని (1014–1044) కాలపు ఎన్నాయిరము శాసనము 340 మంది విద్యార్థులకు జరిపిన యేర్పాటును వర్ణించుచున్నది. అందు 270 మంది పిన్నలు, 70 మంది పెద్దలు. పిన్నలకు దినమొక్కింటికి ఆఱు నాళ్ళ వడ్లు, పెద్దలకు అంతకంటె నెక్కువ కొలత నిర్ణయించిరి. తెలుగునాట 1261 నాటి మల్కాపుర శాసనము ఇట్టిదే. గణపతిదేవుడిచ్చిన మందడమును, రుద్రమదేవి యిచ్చిన వెలంగపూడిని విశ్వేశ్వర శివాచార్యుడు పంచి, విద్యార్థులకును, సత్రమునకును, ప్రసూతిశాలకును, ఆరోగ్యశాలకును వినియోగించెను. గింజలకొలత వఱకు వ్రాయించిన ఆ దాతల దూరదృష్టి శ్లాఘ్యమే. చదువువానికి ముందు కూడు కావలయునని వారెఱుగుదురు. అయినను గింజ కొలిచి యిచ్చుటకు ఆ గింజ పండించిన యూళ్ళు రెండు కావలసివచ్చినవి గదా! ఆ యూళ్ళ బాలురేమి చదివిరో శాసనము చెప్పదు. చెప్పవలసిన పనియు దానికి లేదు. తిరుమలలో ధర్మగిరి వేదపాఠశాలయందు నేటికిని విద్యార్థులకు వసతియు భోజనమును దేవస్థానమువారే కల్పించుచున్నారు. ప్రాచీన పద్ధతి ఎట్టిదో కంటితో చూడగోరు పరిశోధకుడు అచ్చటికి పోవచ్చును.

పందొమ్మిదవ శతాబ్దికి వచ్చునప్పటికి మనకు వేఱువిధమైన సాక్ష్యము లభించుచున్నది. 1822 జూను 25వ తేదీన మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో దేశీయవిద్య యొక్క స్థితినిగూర్చి జిల్లా కలెక్టర్ల నుండి వివరములు తెప్పించుటకు నిర్ణయించెను. వచ్చిన నివేదికలు బళ్ళ లెక్కలతో నిండియున్నవి. మన విషయమునకు రెండు నివేదికలు ముఖ్యములు, రెండును రాయలసీమవే.

మొదటిది 1825లో కడప కలెక్టరు పంపినది. అప్పటి కడప జిల్లాలో, తరువాత చిత్తూరు జిల్లాలో చేరిన మదనపల్లె, వాయల్పాడు తాలూకాలును ఉండెను. పది మొదలు పదునాఱేండ్ల వయస్సుగల బీద బ్రాహ్మణబాలుడు ఇల్లు విడిచి, ఉచితముగా చదువు చెప్పు గురువున్న గ్రామమునకు పోవునని కలెక్టరు వ్రాసెను. ఆ దూరము పది మైళ్ళు కావచ్చును, నూఱు మైళ్ళు కావచ్చును. కొన్ని యేండ్లవఱకు తిరిగివచ్చుట లేదు. గురువు బీదవాడగుటచే కూడు పెట్టలేడు. ఆ గ్రామమందలి బ్రాహ్మణ గృహములవారు దినదినమును కొంచెము కొంచెముగా పెట్టు భిక్షయే బాలునకు ఆధారము. వారు దానిని సంతోషముతో పెట్టుదురని కూడ ఆ యధికారి గమనించెను. స్మృతులయందలి మాధుకరము 1825లో సజీవముగ నుండెనన్నమాట. పరదేశీయుడైన ఆ యుద్యోగి ఈ యాచారమునెడ చూపిన గౌరవము గమనింపదగినది. అది అతని నివేదికలోని సహజమైన భాగము, అలంకారము కాదు.

రెండవది 1823 ఆగష్టు 17 నాటి బళ్ళారి నివేదిక. దీనిని వ్రాసిన ఎ. డి. కాంబెల్ తెలుగు విద్యార్థులకు క్రొత్తవాడు కాడు. 1816లో తెలుగు వ్యాకరణమును ఆంగ్లమున ప్రకటించినవాడతడే. అనంతపురము సీమ గూడ చేరియున్న అప్పటి బళ్ళారి జిల్లాలో జనసంఖ్య 9,27,857, బళ్ళు 533, చదువువారు 6,641. వేయిమందికి సుమారు ఏడుగురు మాత్రమే. పూర్వము బళ్ళున్న గ్రామములలో పెక్కింట ఇప్పుడు లేవని కాంబెల్ చెప్పి, కారణమును గూడ దాచక వ్రాసెను. ఇంగ్లీషు వస్త్రములు వచ్చి దేశీయ నూలుబట్టల స్థానము నాక్రమించుటచే చేతిపనివారి రాబడి తగ్గినది. మధ్యతరగతివారును దిగువవారును పిల్లల చదువునకు వ్యయము చేయలేకున్నారు. అంతేకాక పిల్లల లేతచేతులు ఏ కొంచెము పనికైనను అక్కఱకు వచ్చిన తోడనే వారి సాయము తల్లిదండ్రులకు అవసరమగుచున్నది. ఆ 533 బళ్ళలో ఒక్కదానికైనను ప్రభుత్వము సాయము చేయుటలేదని చెప్పుటకు సిగ్గుపడుచున్నానని కూడ ఆతడనెను.

విద్యాచరిత్రకారులు కాంబెల్ నివేదికను తఱచుగా ఉదాహరింతురు. అయితే బళ్ళ సంఖ్య కొఱకును, పాఠ్యగ్రంథముల పట్టిక కొఱకును మాత్రమే. లేతచేతులను గూర్చిన మాటయే అందు ప్రధానమని నాకు తోచుచున్నది. మగ్గపు రాబడి తగ్గినపుడు నేతగాడు చేయగలిగినది రెండే: తాను ఎక్కువసేపు నేయుట, ఇంటిలోని చేతులన్నిటిని పనికి చేర్చుట. బడి ఖాళీయగుట చదువుపై నిరాసక్తిచే కాదు. కడప నివేదికలోని బాలుడు నూఱు మైళ్ళు నడచినను ఊరు వానికి కూడు పెట్టెను. బళ్ళారి నివేదికలోని బాలునకు బడి తన వీథిలోనే యున్నను అందుబాటు కాలేదు. ఇరువురును బీదలే. ఇరువురును పొరుగు జిల్లాలవారే. మధ్యనున్న దూరము రెండేండ్లు మాత్రమే.

ఆంగ్లవిద్య వచ్చిన పిమ్మట మాధుకరము వారముగా మాఱెను. ఏడు దినములకు ఏడిండ్లు కుదుర్చుకొని, ఆదివారమొక యింట, సోమవారము మరియొక యింట భుజించుచు బాలుడు పట్టణపు హైస్కూలులో చదువుకొనెడివాడు. వానికి వారాలబ్బాయి యని పేరు. ఈ మార్పు చిన్నదిగ కనబడును గాని చిన్నది కాదు. మాధుకరములో ఇంటివారికి విద్యార్థి యెవరో తెలియనక్కఱలేదు. వారములో పేరుతో, తిథితో, వారముతో తెలియును. ఆ యింటి పిల్లలకు అక్షరములు దిద్దించుట, నీళ్ళు తెచ్చుట, అంగడికి పోయివచ్చుట వంటి పనులు తమంతట తామే వచ్చి చేరును. ఎవరును అడుగరు, కాని చేయకుండిన వారము నిలుచునో నిలువదో చెప్పలేము. ఏడిండ్లలో ఒక్కటి తప్పిపోయినచో ఆ దినము పస్తు, లేదా క్రొత్త గృహస్థుని గుమ్మమున నిలబడుట. ఇది భిక్షయా, కూలియా? రెండును కాదు, రెండును అవును. తెలుగు భాషయే ఈ సందిగ్ధమును దాచుకొన్నది. చదువుకొనువానికి ప్రభుత్వమిచ్చు ధనమును మనము ఉపకారవేతన మంటిమి. ఉపకార మన్నచో దయ. వేతన మన్నచో చేసిన పనికి ప్రతిఫలము. ఒకే సమాసమున ఈ రెంటిని కలిపినవాడెవడో గాని లోకజ్ఞుడు. దీనికి తోడు బడికి కట్టు రుసుమును పూర్వులు జీతమనిరి; అనగా విద్యార్థి జీతము చెల్లించి వేతనము పుచ్చుకొనువాడు!

ప్రసక్తానుప్రసక్తముగా దసరా సంగతియు చెప్పవలెను. వీథిబడి పంతులు శిష్యులను వెంటబెట్టుకొని యింటింటికి పోవుట, పిల్లలు విల్లంబులు పట్టి పద్యములు చదువుట, గృహస్థులు పంతులకు రొక్కమును పిల్లలకు పప్పుబెల్లములును ఇచ్చుట తెలుగునాట వేడుకగా సాగినది. వేడుకయే, సందేహము లేదు. అయినను లెక్కచూచినచో అది పంతుల యేటి రాబడిని పిల్లలచేత వసూలు చేయించుట.

వారములు దొరకని చోట, లేక వారములకు అర్హత లేని కులములలో, మార్గములు వేఱుగ నుండెను. కొందఱకు తల్లి కష్టమే ఆధారము. టంగుటూరి ప్రకాశము పంతులుగారి తల్లి భర్తృవియోగానంతరము ఒంగోలులో భోజనశాల నడపి కుమారుని చదివించెను. బాలుడు పని చేయకుండ చదువుచున్నాడనిన, వాని వంతు పనిని మరియొకరు చేయుచున్నారని యర్థము. ఈ మాట శాసనయుగమునకును చెల్లును, నేటికిని చెల్లును. కొందఱు చదువు నాపి ఉద్యోగమున చేరి, ఉద్యోగమును విడువక చదువును మరల అందుకొనిరి. గిడుగు రామమూర్తి పంతులుగారు 1879లో మెట్రిక్యులేషను పూర్తిచేసి, మఱుసటి యేడు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై, పగలు బడిలో పాఠములు చెప్పుచు, స్వయముగా చదువుకొని పట్టభద్రులైరి. మన ప్రాంతమున ప్రాథమికోపాధ్యాయులు విద్వాన్ పరీక్షకు ప్రయివేటుగా చదువుట ఈ త్రోవయొక్క కొనసాగింపే. ఆ పరీక్ష లేనిచో తెలుగు పండితులలో ఎందఱు పండితులై యుండెడివారు?

తిరుపతి ఈ మార్గములన్నిటికి కూడలి. మహంతుల పరిపాలనమున (1843–1933) అచ్చట ఉన్నత పాఠశాలయు సంస్కృత పాఠశాలయు వెలసినవి. మిషనువారి బడియు నుండెను. తిరుత్తణిలో 1888లో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు 1896 మొదలు 1900 వఱకు తిరుపతి లూథరన్ మిషను పాఠశాలలో చదివి, తరువాత వేలూరునను మద్రాసునను విద్యార్థివేతనములతోనే చదువు సాగించెను. ప్రతిభ గల యొక బీద బాలునకు వారము కంటె, కూలి కంటె గౌరవప్రదమైన మార్గము దొరకిన ఘట్టమిది. 1945లో శ్రీ వేంకటేశ్వర కళాశాల, 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము ఏర్పడుటతో నగరి బాలుర చదువునకు మద్రాసు ప్రయాణము తప్పినది. ఇంటిలో తిని, రైలున పోయి చదివి, రాత్రికి ఇల్లు చేరుట సాధ్యమైనది. ఇల్లు చేరినవానికి అచ్చట ఏమి యెదురుచూచుచుండెను?

మగ్గము. నేత యొక్కని పని కాదు. మగ్గమున కూర్చుండువాడొక్కడే యైనను, వానికి ముందు నూలు తోడుట, ఆసు పోయుట, పడుగు వీథిలో సాచి గంజి పెట్టుట, రాట్నమున కండెలు చుట్టుట మొదలగు పనులు కలవు. వీనిలో కండెలు చుట్టుట బాలురకును, బాలికలకు మఱింతగాను వచ్చి చేరినది. కండె అయిపోయిన నాడె ఆగును. నాడె ఆగిన నేత ఆగును. కావున ఈ చిన్న పనికి వేళ యనునది లేదు. బడికి పోకముందు కొన్ని, వచ్చిన తరువాత కొన్ని. దీపము పెట్టినమీదట వాచకము తెఱచువేళకు కన్నులు మూతపడుచుండును. మరమగ్గములు నగరి వీథులను నింపిన తరువాత పని రూపము మాఱినది: ఇంటి పని కొంత తగ్గి, కూలికి షిఫ్టున నిలబడు పని పెరిగినది. కళాశాలలో చేరిన యువకునకు రాత్రి షిఫ్టు రొక్కము నిచ్చును, మఱునాటి ఉదయపు పాఠమును హరించును. పూర్వపు వారాలబ్బాయి భోజనము కొఱకు పరుల దయను కోరినాడు. ఇతడు దయను కోరడు, నిద్రను చెల్లించును. ఇందు ఆత్మగౌరవము నిలిచినదనుట నిజము. పరీక్షాఫలితమునకు ఆత్మగౌరవముతో సంబంధము లేదనుటయు నిజమే.

చట్టము ఈ విషయమును ఆలస్యముగ, అదియు అరకొరగ, గుర్తించినది. 1986 నాటి బాలకార్మిక చట్టము కొన్ని వృత్తులలో బాలురను నియోగించుటను నిషేధించుచు, కుటుంబసాయముతో నడచు పనిశాలలను ఆ నిషేధమునుండి తప్పించెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చి ఆఱు మొదలు పదునాలుగేండ్ల వఱకు ఉచిత నిర్బంధ విద్యను విధించెను. 2016లో బాలకార్మిక చట్టమును సవరించి, పదునాలుగేండ్ల లోపువారిని ఏ పనియందును నియోగింపరాదనిరి. అయితే బడివేళల తరువాతను సెలవులలోను, అపాయకరము కాని కుటుంబవృత్తిలో బాలుడు సాయపడవచ్చునని మినహాయించిరి. బడివేళల తరువాత! నేతయింటి బాలుని దినము ఎప్పుడును అట్లే విభక్తమై యున్నది. చట్టము దానిని క్రొత్తగా కల్పింపలేదు, ఉన్నదానికి పేరు పెట్టినది.

కూటి విషయమున మాత్రము ఒక పెద్ద మార్పు జరిగినది. మద్రాసు నగరపాలక సంస్థ 1920 ప్రాంతమున బడిపిల్లలకు మధ్యాహ్నభోజనము పెట్టనారంభించెను. మద్రాసు రాష్ట్రమున 1956లో కామరాజు ప్రభుత్వమును, తమిళనాట 1982లో రామచంద్రన్ ప్రభుత్వమును దానిని విస్తరింపజేసిరి. సరిహద్దుల సవరణ ననుసరించి 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రమున చేరినది. నగరి ఆంధ్రమున నిలిచినది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలయందు వండిన భోజనము 2003లో గాని రాష్ట్రవ్యాప్తము కాలేదు. అదియు 2001 నాటి సర్వోన్నత న్యాయస్థానపు ఉత్తరువు ననుసరించి. ఎన్నాయిరమున 340 మందికి రాజు కొలిపించిన వడ్లు, కడపసీమలో గృహస్థులు పెట్టిన ముద్ద, పట్టణములలో కుదిరిన వారము, ఇవన్నియు ఈ యేర్పాటునకు పూర్వరూపములు. భేదమొక్కటే, కాని గొప్పది: ఇచ్చట కులమడుగరు, కండెలు చుట్టు బాలికయు పంక్తిలో కూర్చుండును.

ఇంతవఱకు నేను చూపిన సాక్ష్యములలో నేతబాలునిగూర్చి నేరుగా చెప్పునది కాంబెల్ వాక్యమొక్కటే. మిగిలినదంతయు నేతపని స్వభావమునుండి ఊహించినది. ఈ లోటును తీర్చు మూలము మన చేరువనే యున్నది. నగరి, పుత్తూరు, నారాయణవనము ప్రాంతములందలి పాత ప్రాథమిక పాఠశాలల హాజరుపట్టీలను, ప్రవేశపు రిజిష్టర్లను పరిశోధక విద్యార్థులు చూడవలెను. ప్రవేశపు రిజిష్టరులో తండ్రివృత్తి యను గడి యుండును. బడి విడిచిన తేదీ యుండును. కారణము కొఱకు విడిచిన చోటుండును. ఏ నెలలో నేతయింటి పిల్లలు ఎక్కువగ మానిరి, నూలు ధర పెరిగిన యేడు ఎందఱు తగ్గిరి, అన్నదమ్ములలో పెద్దవాడు విడిచిన తరువాత చిన్నవాడు నిలిచెనా, బాలికలు ఏ తరగతివఱకు కనబడుదురు, అను ప్రశ్నలకు ఆ గడులనుండి సమాధానము రాబట్టవచ్చును. ఈ కాగితములు రాగిఱేకులు కావు. చెదలును వర్షమును వానిని వేచియుండనీయవు. క్రొత్త భవనమునకు మాఱునపుడు పాత బీరువాలను ఖాళీచేయు అలవాటు అన్నిచోట్లను కలదు. వేసవి సెలవులలో ఇరువురు ముగ్గురు కలిసి పోయి నకళ్ళు వ్రాసికొనినచో పని ఒక మాసమునకు మించదు. ప్రధానోపాధ్యాయుల యనుమతి ముందుగ పొందవలెను. బాలుర పేర్లను ప్రకటింపక వృత్తిని, వయస్సును, తేదీలను మాత్రమే గైకొనవలెను.